అంతా బాగానే ఉందండీ

మా అయ్యకు ఒకటే నోరు. ఇది పొగడ్తా కాదు, తిట్టూ కాదు. తహశీల్దారు జీపు దిగి మా కొబ్బరితోట గట్టు మీద నిలబడినా, పక్కింటి మేక కంచె దూకి లోపలికొచ్చినా ఆయన పలకరింపులో తేడా ఉండేది కాదు. "ఏటి, ఇలగొచ్చినావు" అని మేకనీ అడిగేవాడు, తహశీల్దారునీ అడిగాడు. తహశీల్దారు నవ్వి ఊరుకున్నాడు. పక్కన నిలబడ్డ నేను సిగ్గుతో చచ్చిపోయాను.

ఒకసారి ఆవును అమ్మడానికి సంతకు తోలుకెళ్ళాడు. బేరగాడు పళ్ళు చూశాడు, పొదుగు చూశాడు, సరే అన్నాడు. తాడు చేతికిచ్చేముందు మా అయ్య, "తంతాది. ఎడంపక్క కూకుంటే తన్నదు" అన్నాడు. బేరగాడు తాడు వదిలేసి ఇంకో ఆవు దగ్గరికి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి ఆవూ అయ్యా కలిసి ఇంటికొచ్చారు. మా అమ్మ గుమ్మంలోనే అందుకుంది.

"ఆడు అడిగినాడేటి? అడక్కుండా ఏల సెప్పినావు?"

"అడక్కపోతే తన్నదేటి?" అన్నాడు అయ్య, కాళ్ళు కడుక్కుంటూ.

మా అమ్మ ఆ కోపమంతా నా మీద తీర్చుకుంది. ఆ ఇంట్లో అబద్ధానికి చోటు లేకపోవడం వల్ల మేం పడ్డ ఇబ్బందులు అన్నీ ఇన్నీ కావు. నాకు చిన్నప్పట్నుంచీ ఆయన మీద ప్రేమ కంటే విసుగే ఎక్కువ. కాస్త సర్దుకుపోతే ఏం పోయింది ఈ మనిషికి అనుకునేవాణ్ణి. సర్దుకుపోవడం నాకు బాగా వచ్చు. దాని సంగతే ఇప్పుడు రాస్తున్నాను.

మాది ఉద్దానంలో ఒక ఊరు. ఇసక నేల, కొబ్బరి, జీడి, పనస. అక్కడ 'ఏమిటి' అనేవాడు లేడు, 'ఏటి' అంటారు. 'చెప్పు' అనరు, 'సెప్పు' అంటారు. పలాసలో ఎస్సెల్సీ దాకా చదివినా, మా మాటను యాస అంటారని నాకు తెలియలేదు. మా పంతుళ్ళూ అలాగే మాట్లాడేవారు మరి. అరవైల చివర్లో టెక్కలిలో ఒక సర్కారీ ఆఫీసులో గుమస్తాగా చేరాక తెలిసింది. అక్కడ చాలామంది గోదావరి వైపు నుంచి బదిలీ మీద వచ్చినవాళ్ళు. స్థానికులూ ఉన్నారు కానీ, వాళ్ళు గేటు దగ్గరే నాలుక తుడుచుకొని లోపలికొచ్చేవారు. నేను నోరు తెరవగానే ఎవరో ఒకరు నవ్వు ఆపుకునేవారు.

సరే, మార్చుకుందామనుకున్నాను. అద్దెగదిలో పక్కవాటా వాళ్ళకు రేడియో ఉండేది. గోడకు చెవి ఆనించి వార్తలు వినేవాణ్ణి, వార్తలు చదివేవాడి వెంటే పెదాలు కదిపేవాణ్ణి. వినగా వినగా ఒక సూత్రం దొరికింది. మా వాళ్ళ నోట్లో 'చ' అంతా 'స' అవుతుంది. చింత సింత అవుతుంది, చెరువు సెరువు అవుతుంది. కాబట్టి నోటికి 'స' వచ్చినప్పుడల్లా పట్టుకొని దాన్ని 'చ' చేసెయ్యాలి. ఇంత సులువైన సంగతి మా ఊళ్ళో ఎవడికీ తట్టలేదే అని మురిసిపోయాను.

ఒకరోజు ఫైలు పట్టుకొని హెడ్ గుమస్తా బల్ల దగ్గరికి వెళ్ళి, రేడియోలో చదివినంత స్పష్టంగా, "సార్, ఇక్కడ తమరి చంతకం కావాలి" అన్నాను.

గది గదంతా ఆగిపోయింది. ఆయన కలం కింద పెట్టి చాలా మర్యాదగా, "ఏదీ, ఇంకోసారి చెప్పు" అన్నాడు. వినపడలేదేమోనని ఇంకోసారి, ఇంకాస్త గట్టిగా చెప్పాను. అంత తెలివైనవాణ్ణి నేను.

ఏడాదిన్నర నా పేరు చంతకం. చంతకం వచ్చాడా, చంతకానికి కూడా ఒక టీ చెప్పండి, అంటూ ఉండేవారు. హెడ్ గుమస్తా దుర్మార్గుడేమీ కాదు. నాకు జ్వరం వస్తే మూడు రోజులు ఇంటి నుంచి బార్లీ కాచి పంపించాడు. గిన్నె తెచ్చిన బంట్రోతు కూడా "చంతకం గారూ, బార్లీ" అన్నాడు. తాగాను. తాగుతూ ఏడ్చాను. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను, ఈ జన్మలో ఇంకెవడూ నా మాట విని నవ్వకూడదని.

ఆ ఒట్టు నిలబెట్టుకున్నాను. రెండేళ్ళకి ఏ 'స' ఎక్కడ 'చ' అవుతుందో, ఏది 'స' గానే ఉండాలో నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేవాణ్ణి. కొత్తగా వచ్చిన ఆఫీసరు ఒకాయన "మీది ఏలూరు వైపాండీ?" అని అడిగాడు. ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద ఆనలేదు. కాదు, ఉద్దానం అని చెప్పొచ్చు కదా. చెప్పలేదు. నవ్వి ఊరుకున్నాను.

ఇంటికి వెళ్ళినా నోరు మళ్ళీ తిరగలేదు. తిరగనివ్వలేదు అనడం నిజం. అలవాటు తప్పితే ఆఫీసులో జారిపోతానని భయం. 'అయ్యా' అనే పిలుపు కూడా 'నాన్నా' అయింది. మా అమ్మ పొట్ట పట్టుకొని నవ్వేది. "నా కొడుకు రేడియో మింగీసినాడు" అని వీధిలో అందరికీ చెప్పేది. మా అయ్య నవ్వేవాడు కాదు. నేను మాట్లాడుతుంటే తల కొంచెం పక్కకి వంచి శ్రద్ధగా వినేవాడు. మేకతోనూ తహశీల్దారుతోనూ ఒక్కలాగే మాట్లాడిన మనిషి నా దగ్గర మాటలు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. అది గౌరవమేమో అనుకొని లోలోపల సంతోషించాను కూడా. ఎంత గాడిదనో చూడండి.

ఆ మరుసటి ఏడు వర్షాలు వెనకపట్టాక అయ్యకు ఒంట్లో బాగుండటం లేదని అమ్మ కబురు పెట్టింది. టెక్కలి పంపించమన్నాను. పలాసలో పాసింజరెక్కి, నౌపడలో దిగి, అక్కణ్ణుంచి చిన్న రైలు పట్టుకొని వచ్చాడు. స్టేషనుకు వెళ్ళాను. మనిషి చిక్కిపోయాడు. మొహం రంగు మారింది.

"ఏమైంది నాన్నా?" అన్నాను.

"ఉచ్చ సరిగ్గా రావట్నేదురా" అన్నాడు, ప్లాట్‌ఫారం మీద, తోటలో కేకేసే గొంతుతో. "పొద్దల్లా కూకున్నా సారెడు రాదు. వచ్చిందేటి, అంతా నురగ. కల్లుకుండలో పొంగులాగ. నోట్లో ఏటెట్టుకున్నా రుసి నేదు."

ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు. నాకు చెవులు కాలాయి. "మెల్లగా మాట్లాడు" అని రెక్క పట్టుకొని బయటికి నడిపించాను. దారిలో ఖచ్చితంగా చెప్పేశాను: "డాక్టరు దగ్గర నువ్వు మాట్లాడకు. అంతా నేనే చెప్తాను."

ఆయన నొచ్చుకోలేదు. "అదే మంచిది. నువ్వయితే ఆలకి తెలిసీలాగ సెప్తావు" అన్నాడు. కొడుకు చదువు ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చిందని మొహంలో తృప్తి కూడా కనిపించింది.

ఆ రోజుల్లో డాక్టరు గది అంటే తెరలూ తలుపులూ ఏమీ ఉండేవి కావు. ఒక బల్ల, దాని వెనక డాక్టరు, గోడవారగా బెంచీ మీద మిగతా రోగులు. ఒకరి రోగం అందరికీ వినపడేది. ఆ బెంచీ మీద మా హెడ్ గుమస్తా, ఆయన భార్య కూర్చొని ఉన్నారు. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. మమ్మల్ని చూసి ఆయన లేచి నిలబడ్డాడు.

"మీ నాన్నగారా? నమస్కారమండీ."

"ఆఁ బాబూ. కూకో, కూకో. ఏల లెగిసినావు" అన్నాడు మా అయ్య.

ఆవిడ పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో, దగ్గు వచ్చిందో నాకు ఈనాటికీ తెలియదు. నవ్వే అనుకున్నాను.

మా వంతు వచ్చింది. డాక్టరు నెమ్మదైన మనిషి. "ఏమిటండీ బాధ?" అని అయ్యనే అడిగాడు. అయ్య నా వైపు చూపించి, "నా కొడుకు సెప్తాడు బాబూ" అని చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు.

"నాన్నగారికి కొంచెం నీరసంగా ఉంటోందండీ" అన్నాను. "ఆకలి మందగించింది."

డాక్టరు నాడి చూశాడు, కళ్ళ కింద రెప్ప లాగి చూశాడు, నాలుక చూశాడు. చూస్తూనే, "నిద్ర, విరేచనం, మూత్రం అన్నీ సవ్యంగానే ఉన్నాయా?" అని అడిగాడు.

ఇక్కడ ఆగి చెప్పాలి. నాకు మాట దొరక్కపోలేదు. 'మూత్రం' అని ఆయనే శుభ్రమైన మాట అందించాడు. దాన్ని అందుకొని, లేదండీ, అక్కడే ఇబ్బంది అంటే సరిపోయేది. కానీ నేను లేదంటే డాక్టరు వివరం అడుగుతాడు. వివరం అయ్యనే అడుగుతాడు. అయ్య నోరు తెరుస్తాడు, ఆ గొంతుతో, ఆ మాటతో, సారెడూ నురగా కల్లుకుండా అంతా. బెంచీ మీద ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకొనే ఉంది. రేపు ఆఫీసుకు వెళ్ళాలి. ఇదంతా నా తలలో తిరగడానికి రెప్పపాటు కూడా పట్టలేదు.

"అంతా బాగానే ఉందండీ" అన్నాను.

అయ్య నా వైపు తిరిగి చూశాడు. మాట్లాడొద్దన్నాను కదా, మాట్లాడలేదు.

డాక్టరు బలానికి టానిక్కు రాశాడు. బయటికొచ్చి కొంత దూరం నడిచాక అయ్య అడిగాడు: "అది సెప్పనేదేటిరా?"

"అక్కడ ఆడవాళ్ళున్నారు నాన్నా. ఈసారి వచ్చినప్పుడు చెప్దాం."

"అవున్లే. ఆడోల్లున్నారు" అన్నాడు.

తర్వాత నేను నెలకోసారి ఇంటికి టానిక్కు సీసా పట్టుకెళ్ళేవాణ్ణి. "మంచి మందేరా, తియ్యగుంది" అనేవాడు. ఇంకోమాట అడిగేవాడు కాదు. అడిగి ఉంటే బాగుండేది. నేను ఒక్కణ్ణే వెళ్ళి డాక్టరుకు అసలు సంగతి చెప్పి వద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో లెక్క లేదు. ఒకసారి వెళ్ళాను కూడా. బెంచీ నిండా జనం. ఆ రోజు అంతా బాగానే ఉందన్న నోటితోనే ఈ రోజు అబద్ధమాడానండీ అని అంతమంది మధ్య ఎలా చెప్పడం? గడప దగ్గర నిలబడి, ఎవరికోసమో వచ్చినట్టు అటూ ఇటూ చూసి, వెనక్కి వచ్చేశాను. ఇవాళ కాకపోతే రేపు అనుకున్నాను. అలా నాలుగు నెలలు వాయిదా వేసిన ప్రబుద్ధుణ్ణి.

నాలుగు నెలలకి అమ్మే ఆయన్ని వెంటబెట్టుకొని టెక్కలి వచ్చింది. కాళ్ళు వాచి చెప్పుల్లో పట్టడం లేదు. కళ్ళ కింద నీటి సంచుల్లా ఉబ్బింది. చిన్న రైలు దిగడానికి ఇద్దరు పట్టుకోవలసి వచ్చింది.

ఈసారి బెంచీ ఖాళీ. మేం ముగ్గురం, డాక్టరు, అంతే. డాక్టరు అయ్య మోకాలి కింద బొటనవేలు పెట్టి నొక్కాడు. వేలు తీశాక కూడా గుంట అలాగే ఉండిపోయింది. ఆయన దాని వైపు చూస్తూ, "మూత్రం ఎలా వస్తోంది?" అన్నాడు, నన్ను కాదు, అయ్యను.

అయ్య నన్ను చూశాడు. నేను తల వంచుకున్నాను. అప్పుడు ఆయన తన మాటలోనే మొత్తం చెప్పాడు. సారెడు రాదన్నాడు, నురగ అన్నాడు, ఇప్పుడు అదీ లేదన్నాడు. డాక్టరుకి ప్రతి ముక్కా అర్థమైంది. నవ్వనూ లేదు. అంతా విని, "ఎప్పట్నుంచి?" అన్నాడు.

"వర్షాలప్పట్నించి బాబూ."

డాక్టరు మొహం ఎర్రబడింది. నా వైపు తిరిగాడు. "వర్షాల తర్వాతే కదా వచ్చారు మీరు? నేను అడిగాను కూడా. అంతా బాగానే ఉందన్నది మీరే కదా?"

అమ్మ నన్నే చూస్తోంది. ఏదో ఒకటి చెప్పాలి. నోరు తెరిచాను కూడా అనుకుంటాను. ఈలోగా అయ్య అందుకున్నాడు.

"ఆడికి తెల్దు బాబూ. నాను సెప్పనేదు. సిగ్గేసి దాసీసినాను."

తన్నే ఆవును తంతుందని చెప్పి అమ్ముకోలేకపోయిన మనిషి. అబద్ధమాడటం ఆయనకు చేతకాలేదు. చెప్తున్నంతసేపూ చూపు గోడ మీదే ఉంది, చెవులు ఎర్రబడ్డాయి. డాక్టరు నమ్మాడో లేదో నాకు తెలియదు. కానీ అమ్మ నమ్మింది.

"సిగ్గా? నీకా?" అంది. "ఊరందరికీ ఇనపడీలాగ మాటాడే మనిసివి, డాక్టరు బాబు కాడ సిగ్గేసిందా నీకు? ఇన్నాల్లూ లోపలెట్టుకు కూకున్నావా?" అని అక్కడే నుదురు కొట్టుకొని ఏడ్చింది. అయ్య తల వంచుకొని తిట్లన్నీ పడ్డాడు. నేను తేలు కుట్టిన దొంగలా పక్కన నిలబడ్డాను. ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాట నా నోట్లోంచి రాలేదు.

డాక్టరు విశాఖపట్నం పెద్దాసుపత్రికి ఉత్తరం రాసిచ్చాడు. బయట రిక్షా కోసం అమ్మ వీధి చివరికి వెళ్ళినప్పుడు అయ్య పక్కన అరుగు మీద కూర్చొని, "ఎందుకు అలా చెప్పావు నాన్నా?" అన్నాను.

ఆయన వాచిన కాలు కాస్త ముందుకు చాపుకున్నాడు.

"నువ్వు ఈ ఊర్లోనే బతకాల కదరా" అన్నాడు.

విశాఖపట్నంలో మూత్రపిండాలు రెండూ చెడిపోయాయన్నారు. పదకొండు రోజులు ఉంచుకొని, ఇంటికి తీసుకెళ్ళమన్నారు. జీడి పూత మీద ఉండగా పోయాడు. ఆ తర్వాత మా ఊళ్ళోనూ చుట్టుపక్కలా ఎంతోమంది అలాగే పోయారు. ఇప్పుడు ఆ జబ్బు గురించి దేశమంతా మాట్లాడుతుంది, ఊళ్ళోకి వచ్చి రక్తాలు తీసుకెళ్తారు. నాకు తెలిసిన డాక్టరొకాయన, ఆ రోజుల్లో ముందు చెప్పినా చేయగలిగింది పెద్దగా ఉండేది కాదన్నాడు. కావచ్చు. ఆ మాట పట్టుకొని కొన్నాళ్ళు నిద్రపోయాను కూడా. కానీ ఆయన బతికేవాడా కాదా అన్నది ఒక సంగతి. ఆయన చెప్పమన్న మాట నేను చెప్పకపోవడం ఇంకో సంగతి. మొదటిది దేవుడికి తెలుసు. రెండోది నాకు తెలుసు.

నేను పైకొచ్చాను. హెడ్ గుమస్తానయ్యాను, ఇంకా పైకి వెళ్ళాను. సభల్లో వందన సమర్పణకు నన్నే పిలిచేవారు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు కదా, ఏ ఊళ్ళో ఉన్నా నాకు మంచే జరిగింది. ఒక్కడినే ఉన్నప్పుడు మా మాటలో ఏదైనా అనుకుందామని ప్రయత్నించేవాణ్ణి. అద్దం ముందు నిలబడి 'సెప్పు' అంటే వేషం వేసినట్టుండేది. అదీ నాది కాకుండా పోయింది, ఇదీ నాది కాలేదు.

అమ్మ ఆయన తర్వాత చాలా ఏళ్ళు బతికింది. ఊళ్ళో ఎవరికి జబ్బు చేసినా వెళ్ళి ఒకటే చెప్పేది: "మా ఇంటాయిన్లాగ దాసుకోకండి. సిగ్గుకి సచ్చిపోనాడు ఆ మనిసి." అది ఊళ్ళో సామెతలా అయిపోయింది. డాక్టరు దగ్గర నసిగేవాణ్ణి మా అయ్య పేరు పెట్టి వెక్కిరించేవారు. ఆ ఊరు మొత్తం మీద ఏదీ దాచుకోవడం తెలియని ఒక్క మనిషిని ఊరంతా కలిసి దాపరికం మనిషిని చేసేసింది. ఆ మాట విన్న ప్రతిసారీ నిజం చెప్పడానికి నాకొక అవకాశం వచ్చింది. ప్రతిసారీ పోయింది.

చివరి రోజుల్లో అమ్మ నా దగ్గర టెక్కలిలోనే ఉంది. ఒకరోజు ఇంటికి కుర్ర డాక్టరు వచ్చాడు. అమ్మ తన బాధలన్నీ ఒక్కటీ దాచకుండా చెప్పింది. చెప్పడం అయ్యాక, "మా ఆయన సిగ్గుపడి సెప్పక సచ్చిపోనాడు బాబూ. నాకా సిగ్గు నేదు" అంది.

డాక్టరు నవ్వుతూ నా వైపు చూశాడు. "అలాగాండీ?"

"అవునండీ" అన్నాను.